లాట్ నంబరు లేని రైతు

ఆదివారం మధ్యాహ్నం అద్దంకిలోని అద్దె గదిలో ఆమె ఒక్కతే కూర్చుని మిర్చి ధరల సర్వర్‌ని సరిచూసుకుంటోంది. రేటు మారిన వెంటనే రైతుల ఫోన్లకి చేరేలా నెల కిందట దానికి సాకెట్ పెట్టింది, నిన్న మిడిల్‌వేర్ కలిపింది. అంతలో యాప్‌లో ఉన్న నంబరు చూసి వినుకొండ దగ్గర్నుంచి ఓ పెద్దాయన ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, మొన్నటిదాకా రేటు మారినప్పుడల్లా నా ఫోను టింగుమనేది. నిన్నట్నుంచి నన్ను లోపలికే రానివ్వట్లేదు.”

“కొత్తగా మిడిల్‌వేర్ పెట్టామండి. గుమ్మం దగ్గర కాపలా లాంటిది. కోల్డ్ స్టోరేజీలో సరుకున్నవాళ్లకే లైను ఇస్తుంది. మీ లాట్ నంబరు చెప్పండి.”

“సరుకెక్కడిదమ్మా? ఎప్పుడో అమ్మేశా.”

“మరి రేట్లతో మీకేం పనండి?”



“మా ఆవిడ పోయి నాలుగు నెలలైంది. ఇంట్లో పలికేది ఆ ఫోనొక్కటే.”

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. శుక్రవారం తర్వాత తను ఒక మనిషితో మాట్లాడటం ఇదే మొదలు.

“ఉండండి, మీ నంబరుని లోపలికి రానివ్వమని రాస్తున్నా. మా సార్‌కి నేను చెప్పుకుంటాలెండి. ఇప్పుడు తెరవండి.”

“ఆఁ, వచ్చింది! అయినా ఇవాళ మిర్చి యార్డుకి సెలవు కదా, రేట్లేం రావుగా?”

“రావండి.”

“మరి లైనులో ఇద్దరున్నారని చూపిస్తోందే? ఆ రెండోవారెవరు తల్లీ?”

“నేనేనండి.”

“అన్నం తిన్నావా?”

“ఇంకా లేదండి.”

“తినిరా అమ్మా. నేను లైన్లోనే ఉంటా.”