చవక వత్తి

నల్లగొండలో కంప్యూటర్ సెంటర్ కొత్తగా తెరిచిన రోజులవి. బావులు తవ్వించే కాంట్రాక్టరు అక్కడ గనుల ఆట ఆడుతున్నాడు. ఆయన దగ్గరే పనిచేసే బామ్మర్ది, తండ్రిని దవాఖానలో చూసి నేరుగా అక్కడికే వచ్చాడు. ఆ ఆట చూడగానే అతనికి ఒళ్లు మండిపోయింది.

"మా నాయిన కాలు తీసేస్తమన్నరు. నువ్వు గీడ ఆడుకుంటున్నవా బావా?"

"ఆట గాదురా, లెక్క. గీ పేలుడు మందు పిరం, రాయి బాగ పగులుతది. గిది సగం ధరే, రాయి మాత్రం కొంచెమే తక్కువ పగులుతది. ఏది లాభం?"

"చవకదాని వత్తి ఎట్ల కాలుతది?"

"జర జల్ది కాలుతది."

"అంటించినోడు మోకు పట్టుకొని బాయిల నుంచి పైకి రావద్దా?"

"ఆటల మోకు లేదు. మనిషి పోతే ఇంకోడొస్తడు."

తెర మీద ఒక చిన్న బొమ్మ పేలిపోయింది. దాని జాగాలో అట్లాంటిదే ఇంకొకటి వచ్చి నిలబడింది.

"మా నాయిన వత్తి అంటించిన పానగల్ బాయికి మందు మార్చినవు. గిది సూసే మార్చినవా?"

బావ మీటలు నొక్కడం ఆపాడు.

"ఆడినప్పుడల్లా లాభమే వచ్చిందిరా. గట్లయితదని నాకేం తెలుసు?"

"గా మందు ఇంక మిగిలిందా?"

"ఉంది. హుజూర్‌నగర్ బాయికి పెట్టిన."

"మంచిది. రేపు ఆ బాయిలకు నువ్వు దిగు బావా. వత్తి నువ్వే అంటివెట్టు. నేను గీ కుర్చీల కూసోని లెక్క సూస్త."