నడి వీధి గుంజలు

వద్దన్నా, ఆ మూలకు కూచోవద్దు. ఆడ చీకటి, నీ మొగం నాకు కనపడదు. ఈ గడప కాడికి రా, ఎల్తురులోకి. ఆ, కూచో. నీళ్లిస్తా, తాగు. నీళ్లు గూడా ఇయ్యనంత దూరం ఇంకా పోలేదులే.

ఏమంటివి? మీ ఇంట్లో బాడుగకున్న గుమాస్తాయప్ప గది ఖాళీ చేసి హైదరాబాదుకు పోయినాడు, మీ మగ్గం తెచ్చి ఆడేసుకోండి అంటాండావు. శానా మంచి మాటన్నా. నిన్న చెప్పుంటే నీ చేతులు పట్టుకొని ఏడ్చేదాన్ని. మా ఇంటాయప్పయితే తింటాండే సంగటి ఇడిసిపెట్టి లేచేవాడు. పైకి చూడు, కప్పు దంతెలకు కట్టి యాలాడేసినాం మగ్గం కట్టెలు. పొగ పట్టి నల్లగయినాయి. అప్పుడప్పుడు నిచ్చెనేసుకొని తుడుస్తాడు. ఏంటికయ్యా అంటే పురుగు పడతాది అంటాడు.

నిన్న చెప్పలే నువ్వు. ఈ పొద్దు చెప్తాండావు. ఈ పొద్దు తెల్లారి నేను మీ ఇంట్లో సుబ్బక్క వదినె పక్కన కూచోని కండెలు చుట్టినా. ఆడ వచ్చింది చిక్కంతా.

వదినెను ఏమీ అనొద్దు. ఆయమ్మ కడుపులో ఏదీ నిలవదు. సంతోషంగా ఉండి, ఆ సంతోషంలో ఒక మాట చెప్పింది. ఏం మాటో చెప్తా. తొందర పడతాండావేంటికి? రాజధానే హైదరాబాదుకు లేచిపోయినాక ఈ కర్నూల్లో తొందర ఎవురికుండాది?

అది వచ్చిన పొద్దు గుర్తుండాదా? నువ్వే పరిగెత్తుకొని వచ్చి చెప్తివి. నాగమ్మా, మనూరు రాజధాని అయింది, ఇంక మన గుడ్డకు గిరాకీ చూడు, మంత్రులు గూడా మన పంచెలే కట్టాల అంటివి. నేను నమ్మినా. నువ్వు చెప్పింది నేనెప్పుడు నమ్మలేదు?

గిరాకీ ఏమో గాని, బండ్లొచ్చినాయి. అబ్బబ్బ, ఎన్ని బండ్లు. ఏటి రస్తాకు పోయే దారి మన వీధే అయిపాయె. జీపులు, జట్కాలు, సామాను లారీలు, ఎద్దుల బండ్లు, ఒకదాని మూతి ఇంకోదాని తోకకు తగిలి నిలబడేవి. ఎనక్కి పోయేకి లేదు, ముందరికి పోయేకి లేదు. జట్కా సాయిబులు లారీ డ్రైవర్లను తిట్టేది, వాళ్లు వీళ్లను తిట్టేది. మనింటి ముందర మనం బిందె ఎత్తుకొని దాటలేకపోతిమి.

మనకా, తెల్లారితే వీధే కావాల. పడుగు యాడ సాచల్ల? ఇంట్లో సాచేంత పొడుగు ఎవురింటికుండాది? తాత కాలం నుంచి వీధిలోనే గదా, ఈ కొస నుంచి ఆ కొసదాకా గుంజలు నాటి, దారాలు సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టేది. మొదట్లో జీపోళ్లు రోంత ఆగేవాళ్లు. మనోళ్లు పడుగు పక్కకు జరిపితే పోయేవాళ్లు. చేతులు గూడా ఊపేవాళ్లు.

ఆ బీరువాల లారీ వచ్చింది చూడు, అది ఆగలే. మా పడుగు మీదే పోయింది. మా ఆయప్ప ఆ నడి వీధిలో కూచోని, తెగిన పోగులు ఒక్కొక్కటే ఏరుకుంటా ఉండిపాయె. నువ్వు పక్కన కూచోని నువ్వు గూడా ఏరితివి. అది నేను మర్చిపోలే. మంచి చేసింది గూడా మర్చిపోను నేను, ఆ గుణం అమ్మది.

ఆపైన వీధి వెడల్పు చేస్తామన్నారు. ఇండ్లు కొట్టాలన్నారు. మనోళ్లందరూ గొంతులు చించుకుంటా ఉంటే, నువ్వు మజ్జలో నిలబడి చెప్తివి. రోంత రోంత అందరం ఇస్తే వీధి పెద్దదయితాది, ఒక పక్క బండ్లు పోతాయి, ఒక పక్క మన పడుగులుంటాయి, నేను మాట తీసుకొని వచ్చినా అంటివి. కులపెద్దవు నువ్వు. తిమ్మయ్య చెప్తే ఇంక మాట లేదు అని అందరూ ఇండ్లకు పాయిరి.

ఎవురి కాడ తీసుకున్న మాటో ఏమో. తారు ఎండిన వారానికే పోలీసాయప్ప వచ్చి గుంజలు పీకి పారేసె. ఇప్పుడు పడుగు నెత్తిన పెట్టుకొని తుంగభద్ర ఒడ్డుకు పోతాండారు. ఆ ఎండకు, గాలికి సగం పోగులు తెగుతాయి. సరే, అది సర్కారు చేసిన పని. సర్కారు నాకేమన్నా తోడబుట్టిందా? దాన్ని నేనేమీ అనను.

ఇండ్లు కొట్టేకి ముందు, వీధి కొలిచేకి ఆ ఓవర్సీరు వచ్చిన పొద్దుకు వస్తా.

చిన్నోడు పాపం. మీసం గూడా సరిగా రాలే. సున్నం డబ్బా, టేపు పట్టుకొని దిగినాడు. మన వీధేమో ఒక ఇల్లు ముందుకు, ఒక ఇల్లు ఎనక్కు, ఒకరికి అరుగు, ఒకరికి గట్టు. యాడ నుంచి కొలవాల్నో తెలీక తల గీరుకున్నాడు. రెండు పక్కలా సమానం తీయమన్నారు నన్ను, మీ నడి వీధి ఏదో మీరే చెప్పండి పెద్దాయనా అని నిన్నడిగినాడు.

నువ్వు చెయ్యెత్తి చూపిస్తివి. ఇదో, ఈ గుంజల వరసే నడి వీధి అంటివి.

అవునవును అన్యారు అందరూ. నేను గూడా అన్నా. చేట చేతిలో పట్టుకొని, అరుగు మీద నిలబడి, ఇంత నోరు చేసుకొని అవునన్నా. పుట్టినప్పటి నుంచి మనకు అదే గదా నడి వీధి? నడి వీధిలో ఆడుకోవద్దండ్రా అంటే గుంజల కాడ ఆడొద్దని. నడి వీధికి రా తేల్చుకుందాం అంటే గుంజల కాడికి రమ్మని. ఇంకో నడి వీధి ఉంటాదని ఎవురికి తెలుసు?

గుంజలు నాటింది నీడ చూసి అన్నా. నాకు తెలీదా? నాయన చెప్తా ఉండేవాడు. తూర్పు పక్క ఇండ్ల నీడ పొద్దున్నే వీధిలో పడతాది, గంజి పెట్టిన పడుగు మీద ఎండ తొందరగా పడితే పోగు పెళుసయితాది. అందుకని తూర్పు పక్కకు జరిపి నాటినారు పెద్దోళ్లు. అంటే మా పక్కకు. మా గోడకు గుంజ దగ్గిర, మీ గోడకు గుంజ దూరం. దినామూ చూస్తా ఉన్నదే. దినామూ ఆ నీడలో నిలబడి గంజి పెట్టిందాన్నే నేను. అయినా నాకు తట్టలే. ఎవురికీ తట్టలే. ఆ ఓవర్సీరుకు ఏం తెలుసు, ఆయప్ప టేపు పట్టినాడు, గుంజ నుంచి ఈ పక్క ఇంత, ఆ పక్క ఇంత, సమానం. న్యాయంగానే కొలిచినాడు.

నీకు అరుగు కాడ పడింది సున్నం గీత. మాకు మగ్గమింటిని దాటుకొని, ఈ లోపలి గోడ కాడ పడింది.

ఆ చిన్నోడికి గూడా ఏదో తేడా కొట్టినట్టుంది. మా ఆయప్పను అడిగినాడు, ఏమప్పా ఓబులేసూ, నీకు సమ్మతమేనా అని. ఆయప్ప ఏమన్నాడో నీ చెవులతో నువ్వే ఇన్యావు. మా బావ చెప్పినాక ఇంకేముండాది సార్ అన్యాడు. మన ఇండ్లు ముందుకొచ్చినట్టుండాయిలే అని నాతో అన్యాడు. మా పక్కోళ్లందరూ అట్లే అనుకున్యారు. పక్కింటి బసవన్న గూడా. ఇప్పుడు డోన్ టేసన్లో మూటలు మోస్తాండాడు బసవన్న, నేత చేతులతో.

మా గోడలు కొట్టిన పొద్దు నువ్వొస్తివి. దూలాలు దించేకి భుజం పెడితివి. ఏడిస్తివి గూడా. మా మగ్గం గుంతలో మా గోడ మట్టే పోసి పూడ్చి, పైన కంకర ఏసి తారు పోస్తాంటే, ఆయప్ప చూడలేక ఏటికాడికి పోయినాడు. కాళ్లు పెట్టుకొని ఇరవై ఏండ్లు కూచున్న గుంత. దాని మీద లారీలు పాయె. ఇప్పుడు లారీలు గూడా లేవు, చూడు బయటకు, కుక్కలు పండుకొనుండాయి.

ఆ మాపునే నువ్వు, బావా మా ఇంట్లో రెండో మగ్గం ఖాళీగా ఉండాది, వచ్చి గుడ్డ నెయ్యి, కూలి ఇస్తా అంటివి. అప్పటి నుంచి దినామూ రస్తా దాటి నీ గుంతలో కూచుంటాండాడు. దినామూ అదే మాట, మీ అన్న లేకపోయుంటే మన గతి ఏమయ్యుండు నాగమ్మా అని. బువ్వ తింటా ఒకసారి, పండుకునేటప్పుడు ఒకసారి. నేను గూడా తల ఊపుతా ఉంటి.

ఈ పొద్దు వదినె ఏమన్యాదో తెలుసా? గది ఖాళీ అయింది, ఇంక మీ మగ్గం వచ్చేస్తాది నాగమ్మా, ఆ పొద్దు మీ అన్న తాడు పట్టి కొలుచుకోకపోయుంటే ఈ గది ఉండేదా, మీకు ఇచ్చేదా అన్యాది.

నాకు అర్థం కాలే. తాడేంది వదినె అంటి. ఓవర్సీరు వచ్చే ముందు పొద్దు, దీపాలు పెట్టే యాళకు, నన్నే ఒక కొస పట్టుకోమన్యాడు, గుంజ నుంచి మా గోడకు కొలిచినాడు, మల్ల గుంజ నుంచి మీ గోడకు కొలిచినాడు అన్యాది. కండె చుట్టుకుంటానే చెప్పింది. నీకు తెలుసనుకున్యాదన్నా ఆయమ్మ. అన్నాచెల్లెండ్లు మాట్లాడుకొనే చేసినారనుకున్యాది.

నా చేతిలో దారం తెగింది, ముడేసుకొని, కండె అయిపోయేదాకా చుట్టి, ఇంటికొచ్చినా.

అంటే నీకు తెలుసు. అందరూ తెలీక తప్పు చెప్తిమి, నువ్వు తెలిసి చెప్తివి. మేము అవునవును అంటాంటే గమ్మున నిలబడితివి.

చెప్పు, చెప్పు, ఇంటాండా.

పిల్లోళ్లు ఎక్కువా? నిజమే, నలుగురు నీకు. ఎవురిదో ఒకరి ఇల్లు పోవాల్సిందే అంటావా? కాదన్నా. అది కాదు. అసలు నడి వీధిలో గీత గీసుంటే నీ మగ్గమిల్లు రోంత పోయుండు, మాది రోంత పోయుండు. ఇరుగ్గా ఉండేది, అంతే. మగ్గం అడ్డం తిప్పి ఏసుకునేటోళ్లం ఇద్దరం. మోకాలు గోడకు తగులుతాదని తిట్టుకుంటా నేసేవాళ్లు ఇద్దరూ. నువ్వు మోకాలు ఇరుకు పడకుండా ఉండేకి మా ఇల్లు ఇచ్చినావు.

నన్ను అడిగుంటివా? అది చెప్పు. నాగమ్మా, నాకు కష్టంగా ఉండాది, మీది రోంత ఎక్కువ ఇడవండి అని అడిగుంటే, నేను ఇచ్చేదాన్నే. ఆయప్పను ఒప్పించేదాన్ని. అదే నాకు మింగుడు పడల్యా. ఇచ్చే చెల్లెలి కాడ దొంగతనం చేస్తివి.

ఏడొద్దు. అప్పుడు గూడా ఏడిస్తివి. ఆ ఏడుపు గూడా నిజమే అయ్యుంటాదిలే, నువ్వు అంత చెడ్డోడివేమీ కాదు. చెడ్డోడివయితే నాకు ఇంత నొప్పి ఉండేది కాదు.

పొద్దున్నుంచి ఆలోచన చేస్తాండా. ఆయప్పకు చెప్పల్లా వద్దా అని. చెప్తే ఏమయితాదో నీకూ తెలుసు. ఒక్క మాట అనడు నిన్ను. కొట్లాడడు. తువ్వాల భుజానేసుకొని బసవన్న పక్కకు పోయి మూటలెత్తుతాడు. ఇంక నీ ఇంట్లో కాలు పెట్టడు, మగ్గం మీద నాడె పట్టడు. ఆ కట్టెలు అట్లే యాలాడుతా ఉంటాయి. నీకు శిక్ష ఏద్దామని పోతే అది ఆయప్పకు తగులుతాది.

అందుకని చెప్పను. నోరు మూసుకుంటా. నీ కోసం అనుకునేవు, కాదు.

పోయి ఆ గది శుభ్రం చేయించు. రేపే పలుగు, పార తీసుకొని వస్తాడు. గుమాస్తాయప్ప మంచమేసుకున్న చోట గుంత తవ్వుతాడు. తవ్వుతా నిన్ను మెచ్చుకుంటాడు, మా బావ ఇట్లాంటోడు, మా బావ అట్లాంటోడు అని. పక్కన కూచోని ఇను. లేచి పోవద్దు. అది నువ్వు ఇనాల.

ఇంకొక మాట. ఊరికే వద్దు. ఆ గుమాస్తాయప్ప కాడ ఏం తీసుకుంటాంటివో మా కాడా అదే తీసుకో. నెల నెలా నేనే తెచ్చి వదినె చేతిలో పెడతా. ఆయప్ప ఏంటికంటే, ఊరికే ఉండేకి నాకు పౌరుషం అడ్డమొచ్చిందని చెప్తా. నవ్వుతాడు. నవ్వనీ, నవ్వి శానా దినాలాయె.

ఏమంటివి? పుట్టింటికి ఎవురన్నా బాడుగ ఇస్తారా అంటాండావా?

పుట్టింటికయితే ఇయ్యరన్నా. ఎంతో చెప్పు.