స్టాండు మీద బాగానే ఉంది

మిట్టమధ్యాహ్నం. సైకిళ్ళు బాగుచేసే కొట్టు. స్టాండుకి ఎత్తి బిగించిన గేర్ల సైకిలుకి ఇటు మెకానిక్కు, అటు స్టూలు మీద పళ్ళ డాక్టరు.

“పడింది.”

“పడలేదు బాబూ.”

“పడింది డాక్టరు గారూ. కుడిపక్కకి పడింది. ధబేల్‌మని పడింది.”

“నా సైకిలు సంగతి నాకు తెలీదా? పడలేదు.”

“మరిదేంటి? ఇలా వెనక్కొచ్చి, ఒక కన్ను మూసుకుని చూడండి. గేరు మార్చే ఈ చెయ్యి నిటారుగా వేలాడాలా వద్దా? చువ్వల వైపుకి ఎలా ఒరిగిపోయిందో చూడండి. దీన్ని పట్టుకునుండే ఇనప చెవి వంగింది. చెవి ఊరికే వంగదు కదా!”

“ఏమో. ఎండకి వంగిందేమో.”

“ఎండకా!”

“ఇవాళ ఎండ బాగానే ఉంది.”

“పన్నెండేళ్ళుగా ఈ కొట్టు నడుపుతున్నానండి. ఎండకి వంగిన గేరుని నేనింతవరకూ చూళ్ళేదు.”

“పోనీ, గాలికి?”

“డాక్టరు గారూ, ముందా హెల్మెట్టు తియ్యండి. స్టూలు మీంచి పడిపోతారా ఏంటి?”

“ఉండనీ. అలవాటైపోయింది.”

“ఆ మోకాళ్ళకి కట్టుకున్నవి?”

“అవీ అలవాటే. నువ్వు గేరు సంగతి చూడు బాబూ. రెండు నొక్కితే ఏమీ జరగదు. మూడు నొక్కితే రెండు పడుతుంది. నాలుగు నొక్కితే మూడుకీ నాలుక్కీ మధ్య కూర్చుని టకటకా కొట్టుకుంటుంది. ఆరింటికల్లా నాకు సైకిలు కావాలి. ఆలస్యమైతే ఆవిడ ఊరుకోదు.”

“ఎవరు, ఇంట్లో ఆవిడా?”

“కాదు. అంటే... ఇంకో ఆవిడ. నువ్వు స్క్రూ తిప్పు.”

“ఇంకో ఆవిడా?”

“స్క్రూ తిప్పు బాబూ.”

“తిప్పను.”

“ఎందుకు తిప్పవు?”

“నా కొట్లో ఒకటే పద్ధతండి. ఎలా పడిందో నిజం చెప్తే గానీ స్క్రూడ్రైవరు ముట్టుకోను. అబద్ధం చెప్పి తెచ్చిన సైకిలు నా చేతిలో బాగుపడదు. మొన్న ఒకావిడ వచ్చింది. గోడే వచ్చి సైకిల్ని గుద్దిందంది. తిప్పి పంపేశాను. సాయంత్రం మళ్ళీ వచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని నిజం చెప్పింది. పది నిమిషాల్లో చేసిచ్చేశాను.”

“ఏమిటట నిజం?”

“గోడే గుద్దిందట. కొత్త గోడ. పడేటప్పుడు ఈవిడ సైకిలు కిందుంది.”

“అంటే మొదట చెప్పిందీ అదే కదా?”

“మొదట కళ్ళనీళ్ళు లేవండి.”

“నువ్వు మెకానిక్కువా, పోలీసువా?”

“మీరు మాత్రం? మీ దగ్గరికొచ్చినవాణ్ణి ‘తీపి తింటున్నావా’ అని అడుగుతారా లేదా?”

“అడుగుతాను.”

“‘అబ్బే, ముట్టనండీ’ అంటాడు. బుగ్గలో చాక్లెట్టు ఉంటుంది. నమ్ముతారా?”

“నమ్మను.”

“చూశారా మరి!”

“కానీ పన్ను పీకుతాను. నిజం చెప్పేదాకా నోరు తెరుచుకుని కూర్చోమనను.”

“అది మీ పద్ధతి. ఇది నా పద్ధతి.”

“సరే. పడింది.”

“అదీ! ఎక్కడ?”

“ఎక్కడ పడితే నీకు నచ్చుతుంది?”

“డాక్టరు గారూ!”

“సందు మలుపులో. కుక్క అడ్డొచ్చింది.”

“ఏ రంగు కుక్క?”

“రంగు కూడా కావాలా?”

“నిజంగా అడ్డొచ్చిన కుక్కకి రంగుంటుందండి.”

“గోధుమరంగు.”

“తోక?”

“ఉంది. వెనకే.”

“హమ్మయ్య. ఇంతసేపూ ఎందుకండీ నీళ్ళు నమిలారు? ఇంత చిన్న ముక్కకి! జరగండి, చెవిని నిటారు చేస్తాను. ఊపిరి బిగబట్టండి.”

“నేనెందుకు బిగబట్టాలి?”

“ఏమో, పక్కనున్నవాళ్ళు బిగబడితే నాకు బాగా వస్తుంది. ఊ... ఇంకొంచెం... వచ్చేసింది. వదిలెయ్యండి. వదిలెయ్యండి డాక్టరు గారూ, మొహం కందిపోతోంది!”

“అయిపోయిందా?”

“చెవి అయింది. ఇప్పుడు చెయిను చిన్న పళ్ళ చక్రం మీదకి తెద్దాం. ఇవిగో, ఈ రెండు స్క్రూలూ హద్దులు. ఇది చెయిను బయటికి పడిపోకుండా కాస్తుంది. అది లోపలికి, చువ్వల్లోకి పోకుండా కాస్తుంది. వీటిని మాటిమాటికీ కదపకూడదు. మనకి తిప్పాల్సిన మర ఇది, కేబులు చివర ఉన్నది. పావు చుట్టు తిప్పాలి, చూడాలి. మళ్ళీ పావు చుట్టు. మీరు పెడలు తిప్పండి.”

“ఇలాగా?”

“ముందుకండీ! వెనక్కి తిప్పుతారేంటి?”

“ఇలాగా?”

“ఆ. ఏ సైకిలైనా ముందుకే కదండీ తొక్కుతాం? రోజూ తొక్కే మనిషి మీరు!”

“చేత్తో తిప్పేసరికి తికమక పడ్డాను. కానీ.”

“రెండు నొక్కండి.”

“నొక్కాను. ఎక్కలేదు.”

“పావు చుట్టు. ఇప్పుడు?”

“ఎక్కింది! బాబూ, ఎక్కింది!”

“మూడు. నాలుగు. ఆపకుండా తిప్పండి. ఐదు. చప్పుడు విన్నారా? టక్కున ఒకే దెబ్బ. దిగండి. నాలుగు, మూడు, రెండు... చూశారా? వెన్నలా మారుతోంది. అయిపోయింది. తీసుకెళ్ళండి.”

“నిజంగానే నీ చేతిలో ఏదో ఉంది బాబూ. ఏదీ, ఒకసారి తొక్కి చూడు.”

“ఎందుకండీ? స్టాండు మీద బాగానే ఉంది కదా.”

“స్టాండు మీద నేను వెళ్ళను కదా. రోడ్డు మీద మనిషి బరువు పడితే ఎలా ఉంటుందో?”

“బరువు పడితే ఇంకా బాగుంటుంది.”

“ఆ మూల దాకా వెళ్ళి వచ్చెయ్. ఎంతసేపు?”

“ఇప్పుడే భోంచేశానండి.”

“నీ అన్నం డబ్బా అదిగో, ఇంకా విప్పనేలేదు.”

“విప్పబోతున్నాను. అదీగాక కొట్టు వదిలి కదలకూడదు.”

“నేనుంటాగా. చూస్తుంటాను.”

“సీటు మీ ఎత్తుకి పెట్టుందండి. నేను కూర్చున్నాననుకోండి, సీటు నాకు అలవాటు పడిపోతుంది. రేపు మీరు కూర్చుంటే ఒప్పుకోదు.”

“సీటు ఒప్పుకోవడమేంటయ్యా!”

“తోలు సీటు కదండీ.”

“అది ప్లాస్టిక్కు.”

“ప్లాస్టిక్కు ఇంకా మొండిది. అయినా సైకిలు మీది, తొక్కేది మీరు. మీరే తొక్కి చూడండి.”

“నేనా?”

“మీరే.”

“ఇక్కడా? అందరి ముందూనా?”

“ముందెవరున్నారండీ, మిట్టమధ్యాహ్నం?”

“మోకాలు పట్టేసింది. నువ్వు తొక్కు.”

“మీరు తొక్కండి.”

“నువ్వు తొక్కు బాబూ.”

“మీరు పెద్దవారు, ముందు మీరు.”

“ఇదిగో చూడు. నీకో పద్ధతుంటే నాకూ ఒకటుంది. ఎందుకు తొక్కవో నిజం చెప్తే గానీ ఈ సైకిలు ఇక్కణ్ణించి కదలదు. నేనూ కదలను.”

“మీ క్లినిక్కు?”

“కూర్చుని ఉంటారు. పళ్ళ నొప్పి ఎక్కడికీ పోదు.”

“డాక్టరు గారూ...”

“నోరు తెరువు. పెద్దగా.”

“ఆ షట్టరు సగం దించుతారా?”

“దించాను. చెప్పు.”

“రాదండి.”

“ఏం రాదు?”

“సైకిలు. నాకు సైకిలు తొక్కడం రాదు.”

“పన్నెండేళ్ళుగా కొట్టు నడుపుతున్నావు!”

“పన్నెండేళ్ళుగా రాదు. అంతకు ముందూ రాదు.”

“ఒక్కసారైనా?”

“ఎనిమిదేళ్ళప్పుడు ఎక్కానండి. పడ్డాను. గడ్డం చీరుకుపోయింది, ఇదిగో మచ్చ. మా అమ్మ హడలిపోయింది. ‘ఇంక నువ్వు ఎక్కొద్దు నాయనా, నేనే తొక్కుతాను’ అంది. ఆవిడకప్పుడు ఇంటింటికీ పేపర్లు వేసే పని. పేపర్లన్నీ వేసొచ్చి నన్ను వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేది. కాలేజీక్కూడా.”

“కాలేజీకి అమ్మ వెనక కూర్చుని వెళ్ళావా?”

“మీసాలొచ్చాక రెండు కాళ్ళూ ఒక పక్కకి వేసుకోవడం మానేశాను.”

“మరి సైకిళ్ళ పని ఎలా వచ్చింది?”

“వెనక కూర్చుంటే ఇంకేం కనబడుతుందండీ? తొమ్మిదేళ్ళు చెయిను, చక్రం, గేరు చూస్తూ, వాటి చప్పుడు వింటూ పెరిగాను. కళ్ళు మూసుకుని చెప్తాను ఏ పన్ను అరిగిందో. ఒక్క తొక్కడమే రాదు.”

“అమ్మకి తెలుసా?”

“అదే నా ఏడుపు! కొట్టు పెడతానన్నప్పుడు ‘తొక్కడం రానివాడికి సైకిలు కొట్టు ఎందుకురా’ అంది. ‘నేర్చేసుకున్నానమ్మా, స్నేహితుడు నేర్పాడు’ అనేశాను. ఆ మాట విని ఏడ్చిందండి, సంతోషంతో. ‘నా భయంతో నిన్ను అవిటివాణ్ణి చేశాననుకున్నాను, ఇప్పటికి నా మనసు కుదుటపడింది’ అంది. తన సైకిలు నా చేతిలో పెట్టేసింది.”

“అయ్యో.”

“రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి చెయ్యూపుతుంది. నేను సైకిలు నడిపించుకుంటూ మూల తిరిగేదాకా వెళ్తాను. తిరిగాక కూడా నడిపించుకుంటూనే వస్తాననుకోండి.”

“ఎందుకు ఎక్కట్లేదని అడగదా?”

“టైర్లు కాస్త వేడెక్కాకే ఎక్కాలని చెప్పాను.”

“నమ్మిందా?”

“పన్నెండేళ్ళుగా నమ్ముతోంది, పిచ్చితల్లి. మండుటెండల్లో కూడా. ఇప్పుడు డెబ్బై దాటిందండి. నిజం తెలిస్తే ఆవిడ గుండె తట్టుకోదు. కొట్టు మూతపడ్డా నాకు బెంగ లేదు. ఆవిడ మళ్ళీ ‘నా వల్లే’ అని కూర్చుంటే మాత్రం నేను భరించలేను.”

“కళ్ళు తుడుచుకో. ఆ గుడ్డతో కాదు, గ్రీజుంది.”

“అయిపోయింది నా పరువు. ఇంక ఊరంతా చెప్పెయ్యండి.”

“ఏమని చెప్పను బాబూ? నాకూ రాదు.”

“ఏంటి?”

“సైకిలు. నాకూ రాదు. క్లినిక్కు నుంచి ఇక్కడిదాకా నడిపించుకుంటూ వచ్చాను.”

“మరి ఈ హెల్మెట్టు?”

“నడిపిస్తున్నా భయమే.”

“మరి కుక్క? గోధుమరంగు?”

“అదంతా తర్వాత. మూడు వారాలుగా నేర్చుకుంటున్నాను. సాయంత్రం ఆరింటికి, గోదాముల వెనక ఖాళీ స్థలంలో. ఆవిడ నేర్పుతుంది.”

“ఇంకో ఆవిడంటే... ఆవిడా! నేనింకేదో అనుకున్నాను, క్షమించండి.”

“మా ఇంట్లో కూడా అదే అనుకుంటున్నారు.”

“బాగా నేర్పుతుందా?”

“సీటు పట్టుకుందంటే ఇక పడే ప్రశ్నే లేదు. అరిచిందంటే మాత్రం రెండు వీధులకి వినపడుతుంది. ‘చక్రం కేసి చూడకండి డాక్టరు గారూ, వెళ్ళాల్సిన చోటు కేసి చూడండి!’ అంటుంది.”

“ఎంత చక్కగా చెప్పిందండీ! ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు.”

“నేర్చుకుంటావా?”

“ఈ వయసులోనా? ముప్పై ఎనిమిదండి నాకు.”

“నాకు యాభై తొమ్మిది.”

“నవ్వుతుందేమో. సైకిలు మెకానిక్కు సైకిలు నేర్చుకోవడానికొచ్చాడని.”

“నవ్వదు. నాకు తెలుసు.”

“నాక్కూడా నిజంగా వచ్చేస్తుందంటారా? అయితే మూల తిరక్కముందే, మా గేటు దగ్గరే ఎక్కుతానండి. మా అమ్మ చూస్తుండగా ఎక్కుతాను. డాక్టరు గారూ, నన్ను కూడా చేర్చుకోమని ఆవిడతో చెప్పరూ? ఇవాళే వస్తాను. కొట్టు ఐదింటికే కట్టేస్తాను.”

“చెప్పక్కర్లేదు. చేర్చుకుంటుంది.”

“ఒక్కటే షరతండి. నా పేరు చెప్పకండి, ఊరికి కొత్త మనిషినని చెప్పండి. ఏదో ఒకటి చెప్పండి. ఈ సంగతి మా అమ్మ చెవిన మాత్రం పడకూడదు. ఒట్టేయండి.”

“అదొక్కటీ కుదరదు బాబూ.”

“ఎందుకు కుదరదు?”

“నాకు నేర్పేది మీ అమ్మే. ఈ సైకిలు ఎక్కడా పడలేదు. పొద్దున గొట్టం దూర్చి ఆ చెవి వంచింది కూడా ఆవిడే. ‘బాగుచేశాక తొక్కి చూపించమనండి డాక్టరు గారూ, వాడు తొక్కితే నా అంత అదృష్టవంతురాలు లేదు, తొక్కకపోతే ఆరింటికి మీ వెంట తీసుకురండి’ అని పంపించింది.”