గుంపు సాగిన వైపు

కజకుల పల్లె బయట, తల లేని మేక కళేబరాన్ని లాక్కునే ఆటలో రౌతులు గుర్రాలతో ఢీకొంటున్నారు. కొండ మీది అబ్జర్వేటరీలో పనిచేసే కోడలు తన బట్టలు తీసుకుపోవడానికి జీపులో వచ్చి, అత్త పక్కన గట్టు మీద కూర్చుంది.

"పెదవి మానిందా?"

"కుట్లు విప్పారు అత్తయ్యా. పోయిన పన్ను మాత్రం రాదుగా."

"ఆ కొండెక్కి ఏం చూస్తావే?"

"ఇలాంటి గుంపులే. వేల గెలాక్సీలు ఒకచోట చేరతాయి. చుట్టూ ఏమీ లేని గుంపు గుండ్రంగా, కుదురుగా ఉంటుంది. రద్దీ దారిలో ఉన్నదాని మీదికి పక్క గుంపులు వచ్చి పడుతూనే ఉంటాయి. గుద్దుకుంటాయి, చీల్చుకుంటాయి. అవి వచ్చే వైపుకే ఇదీ కోలగా సాగిపోతుంది. వాగు వైపు నుంచి కొత్త గుర్రాలు దూరుతుంటే ఈ గుంపు అటే సాగింది, చూడండి."

"అంటే తప్పు గుంపుది కాదు, చుట్టుపక్కలది."

"అంతే."

"నీ మొగుడు, మా దోస్‌బోల్‌దీ అదే కదమ్మా. ఇంట్లో తండ్రి కొరడా, బయట ఈ తాగుబోతుల సావాసం. వాడొక్కడు కుదురుగా ఎలా ఉంటాడు? నీ చదువే చెబుతోంది. జీపులోంచి ఆ బట్టల మూట దించు."

"పక్కకి జరగడానికి గెలాక్సీలకి కాళ్లు లేవు అత్తయ్యా. ఆయనకి రెండున్నాయి. గుర్రమెక్కితే ఆరు."

కింద ఒక గుర్రం రౌతు మీదే కూలింది. వాడి కేక గట్టు దాకా వచ్చింది. అత్త అటు చూడలేదు. తలగుడ్డ సర్దుకోబోయి, చెవి పక్కనున్న పాత కొరడా మచ్చ మీద చెయ్యి ఆపింది.

"నాకూ రెండున్నాయే," అంది. "జీపులో చోటుందా?"