పద్నాలుగు వందల దగ్గర దొరికిన తప్పు

అధ్యక్షులు పెద్ద డాక్టరుగారికీ, ముందు వరుసలోని పెద్దలకూ, వెనక నిలబడ్డ తోటి ఉద్యోగులకూ, ఇవాళ్టితో మన ఆసుపత్రి నెట్‌వర్క్ గది తాళాలు అప్పగిస్తున్న పెద్దక్కకూ నమస్కారాలు. నాకు మైకిస్తే ఉపన్యాసం దంచేస్తానని భయపడి మూడే నిమిషాలన్నారు. కరపత్రాలు ఇంట్లోనే పెట్టి వచ్చాను, భయపడకండి. (నవ్వులు)

పోయిన ఏడాది, ఊరి చివర ఉన్న మన క్లినిక్ నుంచి స్కాన్లు రావడం ఆగిపోయిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. రెండు భవనాలకీ మధ్య మనం వేసుకున్న చాటు దారి, అదే వీపీఎన్, తెరిచే ఉంది. రోగి పేరు వస్తోంది, చీటీ వస్తోంది, స్కాన్ బొమ్మ మాత్రం మొదలుకాగానే కొయ్యబారిపోతోంది. అక్కడ పరంజా మీంచి పడ్డ తాపీమేస్త్రీ ఒకాయన తలకి దెబ్బతో పడుకుని ఉన్నాడు. ఆయన్ని కదపవచ్చో లేదో స్కాన్ చూస్తేగాని చెప్పలేనంటూ ఈ అధ్యక్షులవారే మా గది గుమ్మంలో నిలబడ్డారు.

నేనేం చేశాను? కేకలేశాను. ఇంటర్నెట్ కంపెనీ తరఫున లైను చూసే అన్నని (అదిగో, ఆ స్తంభం పక్కన కూర్చున్నాయన) పట్టుకుని, "నువ్వు కంపెనీ తొత్తువి" అని నలుగురిలో అనేశాను. "లైను బాగానే ఉంది బాబూ, కాస్త విను" అని ఆయన మొత్తుకున్నా వినలేదు.

పెద్దక్క కళ్ళజోడు తుడుచుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, ఏది రావట్లేదో వందసార్లు అరిచావు. ఎంతవరకు వస్తోందో చూశావట్రా?" అంది.

ముక్కలు చెయ్యకూడదని షరతు పెట్టి పరీక్ష ప్యాకెట్లు, అంటే సమాచారపు చిన్న పొట్లాలు, ఒక్కోసారి ఒక్కో సైజులో పంపడం మొదలెట్టింది. పద్నాలుగు వందల డెబ్బై రెండు బైట్లు: జవాబు లేదు. పదమూడు వందలు: వచ్చింది. పద్నాలుగు వందలు: లేదు. పదమూడు వందల యాభై: వచ్చింది. పదమూడు వందల డెబ్బై రెండు: వచ్చింది. పదమూడు వందల డెబ్బై మూడు: లేదు! కంటికి కనబడని దారికి ఒక్క అంకె తేడాలో కొలత తీసిందండీ, బట్టకి కొలత తీసినట్టు.

"ప్యాకెట్ మీద మామూలుగా ఉండే పై తొడుగు ఇరవై ఎనిమిది కలుపు. ఎంత?"

"పద్నాలుగు వందలక్కా."

"ఈ దారిలో అంతే పడుతుంది. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌నీ ఇంకో కవర్లో పెడుతుంది కదరా. ఆ కవరుకీ చోటు కావాలి. సైజు తగ్గించు."

తగ్గించాను. స్కాన్ వచ్చేసింది. చూసిన డాక్టరుగారు, "కదపొద్దు, నేనే వస్తున్నా" అంటూ పరుగెత్తారు. ఆ మేస్త్రీ ఇప్పుడు మన కొత్త వార్డు గోడ లేపుతున్నాడు. (చప్పట్లు)

ఆగండి, అసలు సంగతి ఇంకా ఉంది. "పట్టని ప్యాకెట్ వస్తే, పట్టలేదని దారి మధ్యలోంచి కబురు రావాలే, అదేమైంది?" అంటూ అక్క బయటి రాకపోకల్ని వడగట్టే ఫైర్‌వాల్ తెరిచింది. ఆ కబుర్లన్నిటినీ ఆపేసిన ఆజ్ఞ ఒకటి కనబడింది. పక్కన నా పేరు. బయటి మాట దేన్నీ లోపలికి రానివ్వకూడదని ఒక చిన్న పుస్తకంలో చదివి, ఎవర్నీ అడక్కుండా నేనే పెట్టాను. జనం నోరు నొక్కేవాళ్ళ మీద గోడలనిండా రాసిన నేను!

రిజిస్టరులో అక్క "సైజు సరిచేశాం" అని మాత్రమే రాసింది. నాకు ఆమె మీదా కోపమొచ్చింది. "ఎందుకు దాచావక్కా?" అన్నాను.

"దాచలేదురా. చెప్పాల్సినవాడివి నువ్వు. నీకు వదిలాను."

చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

లైను అన్నా, తప్పు మీ లైనుది కాదు, నాది. ఆ రోజు మిమ్మల్ని నలుగురిలో అన్నాను కాబట్టి ఇవాళ ఇంతమందిలో అడుగుతున్నాను, క్షమించండి.

అదిగో, అన్న సరేనని చెయ్యెత్తారు. చూశావా పెద్దక్కా, కబురు అందింది, జవాబు కూడా వచ్చింది. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మూడు నిమిషాలు ఎప్పుడో దాటాయి, ఇక నాకు సెలవు.