చంద్రమౌళి మాస్టారి పదబంధాలు

ఏంటమ్మా అక్షయా, పొద్దుట్నించీ మేడ మీద ఒక్కదానివే ఏదో వల్లె వేస్తున్నావు? పదబంధాలా? రేపు మూడో తరగతికి చెప్పాలా? ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు బల్ల మీద కూర్చో. నేను బళ్ళో అటెండరుగా చేసా కదా, పాఠాలన్నీ గుమ్మం బయట నిలబడి విన్నవే. పదబంధాలంటే మా చంద్రమౌళి మాస్టారే చెప్పాలి. పోయి చాన్నాళ్ళయిందిలే. నందిగామకి ఇవతల, మునేటి ఒడ్డున మా బడి. ఇరవై ఏళ్ళ పైమాట. సన్నటి మనిషి, చేతి నిండా సుద్దపొడి, ఆ చేత్తోనే మొహం తుడుచుకునేవాడు. ఆయన పద్ధతేంటంటే, సగం చెప్పి ఊరుకునేవాడు. 'సంత నుంచి తెచ్చిన ఎర్రకోడి...' అని ఆగేవాడు. పిల్లలంతా ఒక్కసారే 'ఏమైంది మాస్టారూ?' అని అరిచేవాళ్ళు. 'చూసారా, మాటలు పక్కపక్కన కూర్చున్నాయి గానీ సంగతి తేలలేదు. మీరు అడగాల్సి వచ్చిందంటే అది పదబంధం. అడగక్కర్లేకపోతే వాక్యం' అనేవాడు. ఎంత తేలిగ్గా చెప్పాడో చూడు.

సుస్మిత అని ఓ పిల్ల ఉండేది. కూలికెళ్ళే పుల్లమ్మకి ఒక్కతే కూతురు. బొంగురు గొంతు. అందరూ అరిచేసాక, ఓ క్షణం ఆగి, 'ఏ...మైంది మాస్టారూ?' అని సాగదీసి అడిగేది. పిల్లలు నవ్వేవాళ్ళు. మాస్టారు మాత్రం 'దానికి నిజంగా కావాలిరా, మీకు అరవడం కావాలి' అనేవాడు. ఓ శనివారం చీటీలు రాసాడు, చీటీకో పదబంధం. 'ఊహించి రాయొద్దు. వెళ్ళి చూసి, చూసింది కలిపి వాక్యం చెయ్యండి' అన్నాడు. 'బడి గోడ మీద', 'మసీదు పక్కనున్న కొట్లో', అలాంటివి. సుస్మిత చేతిలోది 'మునేటి మధ్య నల్లబండ మీద'. ఆరోజు ఏట్లో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవమ్మా. మనకి చినుకు పడలేదు. పైన ఖమ్మం వైపు కురిసిందని ఎవరికి తెలుసు? ఒక్కసారిగా వచ్చిపడింది ఏరు. పిల్ల మర్నాడు కీసర వంతెన దగ్గర దొరికింది. 'నా పిల్లకి ఏట్లో ఏం పనయ్యా?' అని పుల్లమ్మ ఊరంతా తిరిగి అడిగింది. మాస్టారినీ అడిగింది. ఆయన చీటీ సంగతి చెప్పలేదు.

పది రోజులకి బడి తెరిచాం. 'బల్ల మీద పెట్టిన పుస్తకం...' అన్నాడు మాస్టారు. 'ఏమైంది మాస్టారూ?' అన్నారు పిల్లలు. అరుపు అయిపోయింది. అప్పుడు, ఓ క్షణం ఆగి, గది వెనక నుంచి, 'ఏ...మైంది మాస్టారూ?' నేను నీళ్ళబిందె పట్టుకుని గుమ్మంలో ఉన్నా. ఒట్టు, ఈ చెవుల్తో విన్నా. పిల్లలెవరూ వెనక్కి తిరగలేదు, నవ్వలేదు. మాస్టారు నా వంక చూసాడు. నేను చూపు తిప్పేసుకున్నా. ఇంక రోజూ అంతే. పదబంధాలు మానేసి లెక్కలు చెప్పాడు, సైన్సు చెప్పాడు. ఊపిరి తీసుకోడానికి ఆగినా చాలు, వెనక నుంచి అడిగేది. పాపం, గుక్క తిప్పుకోకుండా మాట్లాడ్డం అలవాటు చేసుకున్నాడు. టీ తెచ్చి ఇస్తే తాగడానిక్కూడా ఆగేవాడు కాదు, చల్లారిపోయేది.

ఓ మధ్యాహ్నం 'మొహిద్దీనూ, నాతో రా' అని పుల్లమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. 'సుస్మితని నేనే పంపానమ్మా. నా పాఠం కోసం వెళ్ళింది' అన్నాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. పప్పుడబ్బాలోంచి చీటీ తీసింది. తడిసి ఆరి అట్టలా బిగుసుకుపోయింది. 'గౌను జేబులో దొరికింది. నాకు చదువు రాదు. ఎవరి చేతా చదివించలేదు. మీరు చదవండి' అంది. చదివాడు. 'నల్లబండ మీద ఏముంది?' అంది. 'తెలీదమ్మా, నేనెప్పుడూ చూళ్ళేదు.' 'చూడకుండానే నా పిల్లని పంపారా?'

అప్పటికప్పుడు బయల్దేరాడు. ఏరు తగ్గింది గానీ ఇంకా నడుం లోతు ఉంది. పుల్లమ్మా నేనూ ఒడ్డునే నిలబడ్డాం. ఆయన నీళ్ళల్లో దిగి వెళ్ళి, ఆ నల్లబండెక్కి వంగి చూసాడు, చాలాసేపు. తడిబట్టల్తో వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడి చెప్పాడు. 'మునేటి మధ్య నల్లబండ మీద చిన్న గుంట ఉందమ్మా. గుంటలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళల్లో చేపపిల్లలు తిరుగుతున్నాయి.' ఆవిడ 'అయితే చూసే ఉంటుంది' అంది. 'చూసే ఉంటుందమ్మా.' ఆ తర్వాత క్లాసులో ఆ గొంతు వినపడలేదు. మాస్టారు జగ్గయ్యపేట బదిలీ చేయించుకున్నాడు, రెండేళ్ళకి అక్కడే పోయాడు.

ఏంటీ? తప్పు ఆయనదేనా అంటావా? చీటీలు పంచింది నేనమ్మా. ఎవరికేది వస్తే అది. సుస్మితకి ముందొచ్చింది 'మా ఇంటి పొయ్యి మీద'. నా దగ్గరికొచ్చి 'మా పొయ్యి మీద ఏమీ ఉండదు మామా, మార్చవా' అంది. మార్చా. మాస్టారికి చెప్పలేదు. పుల్లమ్మకీ చెప్పలేదు. పోయిన శుక్రవారం నందిగామ బస్సులో కనపడింది, ముసలిదైపోయింది. 'బాగున్నావా మొహిద్దీనూ' అని జరిగి చోటిచ్చింది. పక్కనే కూర్చున్నా. దిగేదాకా...

ట్యాంకు ఖాళీ అయినట్టుంది, ఆ మోటారు వెయ్యమ్మా.