ఇంటర్వెల్ దాటి బతికిన ఔసేప్పు

ఏంటీ, ఆ పాత పోస్టర్లో మూలన నిలబడ్డవాడెవడా? వాన తగ్గేదాకా కూర్చోరా జోజీ, కర్రపెండలం చల్లారకముందే తింటూ విను. వాడు మా పక్కింటి ఔసేప్పు. పోయి చాలా ఏళ్ళయిందిలే. నిజంగా పోయింది ఒక్కసారే, ముసలాడయ్యి, మంచంమీద, హాయిగా. సినిమాల్లో మాత్రం లెక్కలేనన్నిసార్లు చచ్చాడు. అప్పట్లో మా ఆలప్పుళలో తీసేవన్నీ రాజకీయాల సినిమాలే, అన్నీ ఒకటే వరస. తెల్లపంచె మంత్రి, గడ్డం గీసుకోని విలేకరి, వాడే హీరో. మొదటి సీన్లో హీరో భుజమ్మీద చెయ్యేసి "బాబూ, నీలాంటివాళ్ళే కావాలి" అంటాడే పెద్దాయన, ఆఖర్న వాడే దొంగ. ఆ చెయ్యి పడ్డం ఆలస్యం, హాల్లో మేం కూతలు! ఇక మంత్రి గుట్టు తెలిసిన గుమాస్తా ఒకడుండాలి గదా, అదీ మావాడి వేషం. ఫోనెత్తి, అటూ ఇటూ చూసి, "ఫోన్లో చెప్పలేను సార్, సాయంత్రం పడవల రేవుకి రండి" అనేవాడు. "చెప్పెయ్‌రా ఔసేప్పూ!" అని హాలంతా మొత్తుకునేది. చెబితేనా! హీరో వచ్చేలోపు లారీ గుద్దేసేది. లారీ కూడా ఎప్పుడూ ఒకటే, మన కుట్టప్పన్ కొబ్బరిపీచు లారీ.

వాళ్ళమ్మ ఏలియామ్మ ఒక్క సినిమాకీ రాలేదు. "కన్నకొడుకు చావు చూట్టానికి టిక్కెట్టు కొనుక్కోమంటావా?" అనేది. ఓ ఏడాది వర్షాల్లో మంచాన పడింది. వాడి చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి ఇంటర్వెల్ దాటి బతికుండరా, చూసి పోతా" అంది. వాడు వెళ్ళి డైరెక్టరు మాత్తన్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "నువ్వు చావకపోతే కథ కదలదయ్యా!" అన్నాడాయన. మర్నాడు షూటింగు, నేనూ చూట్టానికి పోయా. మావాడు ఫోనెత్తాడు, అటూ ఇటూ చూశాడు, "హోం మంత్రే సార్! నేను చూశా! రేవూ వద్దు ఏమీ వద్దు, ఇప్పుడే రాసుకోండి!" అన్నాడు. అంతే! కుట్టప్పన్ లారీ ఇంజన్ ఆపేశాడు. మాత్తన్ "సినిమా ఇక్కడితో అయిపోయింది గదరా!" అని టోపీ నేలకేసి కొట్టాడు. కొట్టినవాడు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. "చెప్పనీండయ్యా! గుమాస్తా మాట ఎవడు నమ్ముతాడు? ఎవడూ నమ్మనివాణ్ణి చంపడమెందుకు, డీజిల్ దండగ!"

కథ మారిపోయింది. హీరో "తాగి చేస్తున్నావా?" అని ఫోన్ పెట్టేస్తాడు. మావాడు పోలీసులకి చెబుతాడు, టీకొట్లో చెబుతాడు, అందరూ నవ్వుతారు. సినిమా వచ్చిననాడు ఏలియామ్మ పెద్దమ్మని రిక్షాలో తీసుకెళ్ళాం. ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే నా మోకాలు పట్టుకుని, "ఉన్నాడా?" అంది. "ఉన్నాడు పెద్దమ్మా" అన్నా. ఆ తర్వాత విలేకరి పోయాడు, నిజాయితీగల ఎస్పీ పోయాడు, పాపం ఎస్పీ పెళ్ళాం కూడా పోయింది. ఆఖర్న ఆ హోం మంత్రే ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తుంటే, జనంలో పల్లీలు నములుతూ మా ఔసేప్పు! హాలంతా ముక్కులు చీదుకుంటున్నారు, రాష్ట్రం ఏమైపోతుందోనని. పెద్దమ్మ లేచి నిలబడి చప్పట్లు. "ఇదీ సినిమా అంటే! ఎవ్వరికీ ఏమీ కాలేదు!" అంది...

ఆ... వాన తగ్గినట్టుందిరా. ఆ గొడుగు ఇలా అందించు.